నీళ్ళిచ్చినోని పేరు

బానోతు హన్మంతు మూడు జిల్లాల్లో స్లాబులు పోశాడు. తన ఇంటి మీద మాత్రం రేకులే ఉన్నాయి. పెద్దవంగర నుంచి పాలకుర్తి పోయే దారిలో ఆటో దిగి, మట్టిబాట పట్టి లోపలికి నడిస్తే రేలకుంట తండా వస్తుంది. అక్కడ రెండో వరుసలో, వరండా కోసం లేపిన స్తంభాలు నడుం ఎత్తున ఆగిపోయి, వాటిలోంచి తుప్పు పట్టిన సలాకలు పొడుచుకొచ్చిన ఇల్లు హన్మంతుది. ఆ సలాకలకు తీగ కట్టి అతని భార్య రామి బట్టలారేస్తుంది. "మా ఇంటాయన ముందుగాల దండేనికి గుంజలు పాతిండు, ఇల్లు తర్వాత కడ్తడట" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంది.

హన్మంతు సెంట్రింగ్ మేస్త్రి. వయసు నలభై నాలుగు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. మోకాళ్లు అప్పుడప్పుడు పట్టేస్తాయి, అది మాత్రం ఎవరికీ చెప్పడు. ఇవన్నీ అన్ని ఊళ్ల మేస్త్రీలకూ ఉండేవే. లోకం నవ్వే గుణం ఒకటి వేరే ఉంది. ఇంకొకరు వదిలిపోయిన పనిలో, వాళ్ల చేత సరేననిపించుకోకుండా చెయ్యి పెట్టడు.

తండాలో దీన్ని నీళ్ళిచ్చుడు అంటారు. చుట్టుపక్కల తండాల్లో ఉందో లేదో తెలియదు గాని రేలకుంటలో తాతల నాటి నుంచీ ఉంది. కౌలు చేను చేతులు మారేటప్పుడు, పోయేవాడు గెట్టు మీద నిలబడి చెంబెడు నీళ్లలో సగం తాగి మిగిలిన సగం వచ్చేవాడికిస్తాడు. వచ్చేవాడు అవి తాగి, మొదటి సాలు పట్టేముందు "ఫలానావాడు నీళ్ళిచ్చిండు" అని పేరు పెట్టి పైకి చెబుతాడు. అంతే, కాగితం లేదు, వేలిముద్ర లేదు. ఆ రోజు నుంచి ఆ చేనును అంతకు ముందు చేసినవాడు ఎవడంటే, ఆ పేరే చెబుతారు. బలవంతంగా వెళ్లగొడితే పోయేవాడు నీళ్లెందుకిస్తాడు? ఇవ్వడు. నీళ్ళివ్వని చేనులో రేలకుంట మనిషి నాగలి దించడు. దించాడా, వాడి చేతి నీళ్లు తండాలో ఎవరూ ముట్టరు.

చేనుకైతే సరే, సెంట్రింగు చెక్కలకు కూడా ఈ పట్టింపేమిటని ముఠాలో కుర్రాళ్లు వెక్కిరించేవాళ్లు. ఒకసారి భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు బిహారు ముఠాను మధ్యలో తరిమేసి హన్మంతును పిలిచాడు. హన్మంతు సామాను దించకముందే ఆ ముఠా మేస్త్రి ఎక్కడున్నాడని అడిగి, బస్టాండుకు పోయాడు. గౌతమ్ అనే ఆ మేస్త్రి మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. హన్మంతు తనకొచ్చిన హిందీలో సంగతి చెప్పి, నీళ్ల సీసా చేతిలో పెట్టి సగం తాగి ఇమ్మన్నాడు. గౌతమ్ మొదట ఇతను తాగి వచ్చాడనుకున్నాడు. తర్వాత నీళ్లలో ఏదో కలిపాడనుకుని, ముందు నువ్వు తాగు అన్నాడు. అట్ల కుదరదన్నాడు హన్మంతు. చివరికి అర్థమై గౌతమ్ పడీ పడీ నవ్వి, నవ్వడం ఆపి, కాంట్రాక్టరు తన మీద చెయ్యి చేసుకున్నాడని చెప్పాడు. ఆ మనిషి వచ్చి తప్పయిందని ఒక్క మాట అంటే నీళ్ళిస్తానన్నాడు. స్లాబు పోసే రోజు దగ్గర పడింది. కాంట్రాక్టరు మొహం మాడ్చుకుని బస్టాండుకు రాక తప్పలేదు.

భూపాలపల్లి బస్టాండులో చెల్లిన మాట ఎక్కడైనా చెల్లుతుందని హన్మంతు అప్పుడు గట్టిగా నమ్మాడు. అతను చేసిన పొరపాటల్లా అదే.

అంత గట్టిగా నమ్మడానికి కారణం లేకపోలేదు. ఆ నీళ్లే లేకపోతే వాళ్ల ఇల్లు ఎప్పుడో చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యేది. తండ్రి తేజ్యా పెద్దవంగర జగపతి పటేలు చేను కౌలుకు చేసేవాడు. వాన ఎగ్గొట్టిన ఏడు కౌలు తగ్గించమని అడిగాడు. జగపతి అప్పుడే పెత్తనం చేతికొచ్చిన వయసులో ఉన్నాడు. అడిగినందుకు కాదు, పదిమందిలో అడిగినందుకు ఆయనకు మండింది. తేజ్యా ఎడ్లను చేన్లోంచి రోడ్డు మీదికి తోలించి, "నీ అసొంటోళ్లు తండ నిండ ఉన్నరు పో" అన్నాడు.

తండా నిండా ఉన్నమాట నిజమే. ఒక్కడూ రాలేదు. జగపతి కౌలు తగ్గిస్తానన్నాడు, విత్తనం తనదేనన్నాడు. తేజ్యాకు ఇవ్వనన్నవన్నీ వచ్చేవాడికి ఇస్తానన్నాడు. అయినా ఎవరూ కదల్లేదు. పాలకుర్తి అవతల నుంచి ఒక రైతును పిలిపించాడు. ఆయన గెట్టు దగ్గర బండి ఆపి, సంగతి విని, ఎడ్లకు నీళ్లు తాపి, బండి వెనక్కి తిప్పాడు. చేన్లో తుమ్మమొక్కలు లేచాయి. రెండు పంటకాలాలు పోయాక జగపతి తండాకు మనిషిని పంపాడు, వాడి మాట చెల్లక తనే వచ్చాడు. తేజ్యా మళ్లీ ఆ చేను దున్నాడు. పేదవాడి కోపం పెదవికి చేటంటారు, ఆ ఒక్కసారి పటేలు కోపం చేనుకు చేటయింది.

ఇంతవరకు తండాలో ముసలివాళ్లంతా చెబుతారు, చెప్పేటప్పుడు మీసం మీద చెయ్యి వేసుకుంటారు. మిగిలింది చెప్పరు. ఆ రెండు పంటకాలాలూ తేజ్యా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పిల్లవాడు హన్మంతు పక్కనున్న తిరుపతి ఇంట్లో తినేవాడు. తిరుపతి పెళ్లాం భద్రమ్మ తన పిల్లల రొట్టెల్లోంచి తుంచి అతనికి పెట్టేది. తిరుపతికి చారెడు భూమి లేదు, ఇంటి నిండా పిల్లలు. బీడు పడ్డ ఆ చేను మీద అందరికంటే ఆశ పడవలసినవాడు అతనే, పడ్డాడు కూడా. "పడావు వడ్డదే గద, నేను దున్నుకుంట" అని తండా పెద్ద నాయక్‌ను వేడుకున్నాడు. నాయక్ వద్దన్నాడు. తిరుపతి ఆ మాట దాటలేదు. చివరికి పెళ్లాం పిల్లలను తీసుకుని కొత్తగూడ అడవికి పోయి పోడు కొట్టాడు. కేసయింది, జైలుకు పోయాడు, బయటికొచ్చాక జ్వరం పట్టుకుని పోయాడు. భద్రమ్మ పిల్లలను వెంటబెట్టుకుని, కడగొట్టు కొడుకు ఉపేందర్‌ను చంకనేసుకుని తండాకు తిరిగొచ్చింది.

తేజ్యా చేను నిలబెట్టిన నీతికి అయిన ఖర్చు తిరుపతి ఇంటి మీద పడింది. నీతి ఎక్కడైనా అంతే, ఊరంతా కలిసి మోస్తామంటారు, బరువు మాత్రం ఎవడో ఒకడి నెత్తిన దిగుతుంది. ఈ మాట తండాలో ఎవరూ పైకి అనలేదు. భద్రమ్మ కూడా అనలేదు.

ఇప్పటి సంగతికి వస్తే, జగపతి కొడుకు మిథున్ చేను మొహం చూడలేదు. మహబూబాబాద్ స్టేషన్ దగ్గర ఆఫీసు తెరిచి, బయటి దేశాల పనులకు మనుషులను పంపుతున్నాడు. మంచివాడే. తండ్రి "ఒరే తేజ్యా" అని పిలిచేవాడు, కొడుకు "హన్మంతన్నా, కూసో, చాయ్ తాగుతవా" అంటాడు. ఒక తరంలో పిలుపు ఇంత మారింది, బల్లకు అటువైపు కుర్చీ ఎవరిదన్నది మాత్రం మారలేదు.

ఇజ్రాయెల్‌లో కట్టడం పనికి మేస్త్రీలు కావాలని మిథున్ కబురు పంపాడు. అక్కడ యుద్ధం మొదలై ఏడాది కావస్తోంది. సెంట్రింగ్ వాళ్లకు మంచి గిరాకీ ఉందన్నాడు. వయసు నలభై ఐదు దాటకూడదు. అంటే హన్మంతుకు ఇది మొదటి అవకాశం, చివరి అవకాశం కూడా. జీతం ఎంతో విని రామి బట్టలారేసిన సలాకల వంక చూసింది. హన్మంతు యాడీ అని పిలిచే ముసలి తల్లి ద్వాళి అయితే దాచుకోలేదు. "స్లాబు కింద ఒక్క వానకాలం పండుకున్ననంటే చాలు బిడ్డా, ఎన్క సచ్చినా సరే" అంది. రేకుల మీద వాన పడితే ఆమెకు నిద్ర పట్టదు. కొడుకు ఇంకెవరికో కప్పు వేసి వచ్చిన రోజున అసలే పట్టదు.

ఊరి బయట షెడ్డులో పరీక్ష పెట్టారు. హన్మంతు చెక్కలు కొట్టి గోడ నిలబెట్టాడు. ఆ దేశం నుంచి వచ్చినాయన లెవెల్ పెట్టి చూసి, తల ఊపి, భుజం తట్టాడు. పాసయినట్టు ఆ సాయంత్రమే మిథున్ ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పాడు. ఫోన్లో అక్కడి సైటు ఫోటోలు కూడా చూపించాడు. హన్మంతు వాటిని వేలితో పెద్దవి చేసి చాలాసేపు చూశాడు.

"మొన్నటిదాంక గిది ఎవరు కట్టిండ్రు పటేలా?" అన్నాడు.

"ఎందుకన్నా?"

"స్లాబు కింద నిలబెట్టిన జాకీలు ఊడదియ్యలే. చెక్కలు అట్లనే ఉన్నయ్. తనంతల తను పోయే పనోడు గిట్ల ఇడిసి పోడు."

"పక్కనుండే పాలస్తీనోళ్లు. పొద్దుగాల వచ్చి పన్జేసుకొని మాపటికి పోయేటోళ్లు. లడాయి మొదలైనంక రానిస్తలేరు."

"పని ఎగ్గొట్టిండ్రా?"

"పని సంగతి కాదన్నా. అటుదిక్కోళ్లు సరిహద్దు దాటొచ్చి మందిని చంపిండ్రు, ఎత్తుకపోయిండ్రు. గీళ్లు బాంబులేసిండ్రు, ఊర్లకూర్లు నేలమట్టమైనయ్. ఇగ ఎవరు ఎవర్ని నమ్ముతరు?"

"చంపినోడు, సెంట్రింగ్ కొట్టినోడు ఒక్కడేనా?"

"నాకేం ఎర్క? కాకపోవచ్చు. గది వాళ్ల సర్కారు సూసుకుంటది. మన సర్కారు, వాళ్ల సర్కారు మాట్లాడుకున్నయ్. ఒకప్పుడు మనం అందరి ముంగట చెయ్యి సాపినం. ఇయ్యాల వాళ్లే వచ్చి మనుషులనియ్యుండ్రి అని అడుగుతుండ్రు. దేశం ఎంత ఎదిగిందో సూడు."

దేశం ఎదిగినందుకు హన్మంతు కూడా సంతోషించాడు. సంతోషించాకే అడిగాడు.

"మరి వాళ్లు నీళ్ళిచ్చిండ్రా?"

ఇంకో ఏజెంటయితే ఏం నీళ్లని అడిగేవాడు. మిథున్ అడగలేదు. వాళ్లింట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు గాని, ఎత్తకపోవడం వల్లనే పిల్లలందరికీ తెలుసు. చాయ్ గ్లాసు పక్కకు జరిపి, "అన్నా, గది చేను కాదు. దేశం" అన్నాడు.

"బిహారాయన గౌతమ్ ఇచ్చిండు పటేలా. ఆయనది మన ఊరు కాదు, మన బాస కాదు. ఈళ్ల ఫోన్ నంబరేమన్న దొరికితే నేనే మాట్లాడుత."

మిథున్‌కు నవ్వొచ్చింది, నవ్వితే బాగుండదని ఆపుకున్నాడు. "ఎవరి నంబరని తేవాలె? వేలమంది ఉంటరు. నువ్వు పోకుంటే ఆగేది ఏం లేదన్నా. ఇంకొకడు పోతడు. నీ ఎన్క మస్తుమంది లైన్ల ఉన్నరు" అన్నాడు.

తండ్రి కోపంతో అన్న మాటనే కొడుకు ప్రేమగా అన్నాడు. తండ్రి విషయంలో ఆ మాట అబద్ధమయింది, కొడుకు విషయంలో నిజం. అంతే తేడా.

హన్మంతు మర్నాడు జనగామ పోయాడు. కూతురు నవ్య అక్కడ హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. అంతర్జాతీయ సంబంధాలని ఒక పాఠమే ఉందని ఆమె చెప్పగా విన్నాడు, అందుకని పోయాడు. కోచింగ్ సెంటర్ ఎదుట మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడి సంగతంతా చెప్పాడు.

"దేశాలు నీతి సూసి మాట్లాడుకోవు బాపూ, అవసరం సూసి మాట్లాడుకుంటయ్. మాకు మొట్టమొదటి పాఠం గదే" అంది నవ్య.

"మంచిదేనా మరి గది?"

"మంచిదా చెడ్డదా అని పేపర్ల రాదు. ఒప్పందం ఏ సంవత్సరంల అయింది, ఎవరెవరి మధ్య అయింది, గదొస్తది."

అనేసి, తన మాట తనకే నచ్చనట్టు బజ్జీ కాగితం నలిపింది. హన్మంతు ఇంకొకటి అడిగాడు. "గప్పుడు తండ మొత్తం ఒక్కమాట మీద ఉండె. జగపతి పటేలు దిగొచ్చిండు. గట్ల ఇప్పుడు గూడ ఎవరూ పోకుంటే?"

"ఎవరూ అంటే ఎవరు బాపూ? రేలకుంటోళ్లా, బిహారోళ్లా, శ్రీలంకోళ్లా, చైనోళ్లా? గప్పుడంటే నాయక్ ఉండె, వద్దంటే ఆగిండ్రు. ప్రపంచానికి నాయక్ ఎవరున్నరు?"

హన్మంతు బజ్జీల బండివాడికి డబ్బులిచ్చాడు. ఆ మాటకు జవాబు పెద్ద పెద్ద భవనాల్లో కోట్లు వేసుకుని కూర్చునేవాళ్ల దగ్గర కూడా లేదు, కాకపోతే వాళ్లు లేదని ఒప్పుకోరు. బస్సెక్కేటప్పుడు నవ్య అతని చెయ్యి పట్టుకుంది. "నేను పొమ్మన, వద్దన. నా కోసం పోయినననో, నా కోసం ఆగిననో మాత్రం అనకు బాపూ" అంది.

హన్మంతు పోలేదు. ఎందుకు పోవడం లేదో మిథున్‌కు చెప్పే ధైర్యం కూడా చేయలేదు. మోకాళ్లు నొప్పులని ఫోన్లో చెప్పాడు. ఇరవై ఏళ్లుగా దాచుకున్న నొప్పి అలా అక్కరకొచ్చింది. ఊరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ముఠావాళ్లు అనుకున్నారు. రామి మాత్రం మొహం మీదే అంది. "చెరువు మీద అలిగి కడుక్కోకుంటే కంపు ఎవరికి? చెరువుకా?" ఆ తర్వాత కొన్నాళ్లు మాట్లాడలేదు. ద్వాళి ఇంకా తేలిగ్గా కొట్టిపారేసింది. "చేను ఏరు, కూలి ఏరు. కూలికి నీళ్లేంది? మీ బాపు గిట్ల చెప్పలే. నువ్వు తెచ్చిపెట్టుకున్నవ్" అంది. ఎవరి కోసం తండా రెండు పంటకాలాలు ఆ చేను ముట్టలేదో ఆ ఇల్లాలే అలా అంటే, ఇక ఎవరికి చెప్పుకోవాలి? హన్మంతు పనిముట్ల సంచి పట్టుకుని పనికి పోయాడు. లోపల మాత్రం, నిజం చెప్పాలంటే, తన మీద తనకు కొంచెం గర్వంగానే ఉంది.

ఆ గర్వం నాలుగు వారాలు కూడా నిలవలేదు. ఒక పొద్దున అతను పనికి బయలుదేరుతుంటే భద్రమ్మ, సెంట్రింగ్ పనే చేసే ఆమె కొడుకు ఉపేందర్ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఉపేందర్ చేతిలో ఖాళీ చెంబు ఉంది. నీళ్లు ఇచ్చేవాడి ఇంటివే కావాలి కనుక ఖాళీగా తెచ్చాడు. ఇంట్లో వాళ్ల మాట లంబాడీ, ఆ పొద్దున మాటలన్నీ దాంట్లోనే జరిగాయి.

"మిథున్ పటేలు పిలిచిండన్నా. లైన్ల నీ ఎన్క నేనే ఉన్ననట. నీ జాగల పోతున్న. నీళ్ళియ్యి" అన్నాడు ఉపేందర్.

హన్మంతు పనిముట్ల సంచి కింద పెట్టాడు. "ఆ జాగ నాది కాదు తమ్మీ. నేను అండ్ల నిలబడనే లేదు. నేనెట్లిస్త?"

"పాసయింది నువ్వు. పేరు నీదొచ్చింది. ఇడిసింది నువ్వు. ఇంకెవరిస్తరు?"

"ఇంకొకలున్నరు. వాళ్లను ఎల్లగొట్టిండ్రు."

"ఎర్కే" అన్నాడు ఉపేందర్. "మిథున్ పటేలు చెప్పిండు, నువ్వు ఎందుకు పోతలేవో. మోకాళ్లని నువ్వంటే ఆయన నమ్మిండా?"

హన్మంతు తల దించుకున్నాడు. ఉపేందర్ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని హన్మంతు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"మా బాపు మీ చేను దున్నలే. మీ చేను మీకు దక్కింది. మా బాపు అడివిల వోయిండు. గప్పుడు మా ఇంటికి నీళ్లెవరిచ్చిండ్రన్నా? ఇప్పుడు గూడ నన్నే ఆగుమంటవా? ఎప్పుడూ మా ఇల్లేనా ఆగేది?"

భద్రమ్మ హన్మంతు వైపు చూడలేదు. వాకిట్లో సగం లేచిన స్తంభాన్ని చూస్తూ నిలబడింది. ఆమె చేతి రొట్టె తిన్న రోజులు హన్మంతుకు గుర్తొచ్చాయి. తనకు తుంచి ఇస్తుంటే పక్కన కూర్చుని చూసిన ఆమె పిల్లల మొహాలు కూడా గుర్తొచ్చాయి.

ఎక్కడో, ఎప్పుడూ చూడని ఒక మనిషికి అన్యాయం జరగకూడదని అతను ఆగాడు. ఎదురుగా, చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి తనకు న్యాయం ఎప్పుడని అడుగుతున్నాడు. రెండూ నిజమే. రెండు నిజాలు ఎదురెదురుగా నిలబడితే దేశాలు సమావేశాలు పెట్టుకుని వాయిదా వేసుకుంటాయి. వాకిట్లో నిలబడ్డ మనిషికి వాయిదా ఉండదు.

ద్వాళి గోడ పట్టుకుని లేచింది. ఉపేందర్ చేతిలో చెంబు తీసుకుని, కుండలో ముంచి, తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "తాగు" అంది.

హన్మంతు సగం తాగాడు. మిగిలిన సగం ఉపేందర్‌కు ఇచ్చాడు. ఉపేందర్ చుక్క మిగల్చకుండా తాగి, మూతి తుడుచుకుని, తండా వినేలా చెప్పాడు.

"హన్మంతు నీళ్ళిచ్చిండు."

పక్కింటివాళ్లు విన్నారు. బోరింగు దగ్గర ఆడవాళ్లు విన్నారు. భద్రమ్మ అప్పుడు హన్మంతు తల మీద చెయ్యి పెట్టి, కొడుకు వెనక వెళ్లిపోయింది. హన్మంతు ఆ రోజు పనికి పోలేదు. నీళ్ళిచ్చాడంటే ఆ జాగా తనదేనని పదిమందిలో ఒప్పుకున్నట్టు. తరిమేసిన వాళ్ల జాగాలో నిలబడనని ఆగినవాడు, నిలబడకుండానే దాన్ని ఇంకొకడికి అప్పజెప్పాడు. ఇంతకంటే విమానమెక్కి పోయి ఉంటే స్లాబయినా మిగిలేదని అతనికి అనిపించింది, అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

ఉపేందర్ పోయాడు. పోయిన కొత్తలో తరచుగా ఫోన్ చేసేవాడు. చలి బాగా ఉందనీ, తిండి చప్పగా ఉందనీ, మిరపకారం పొట్లం కట్టుకుపోవడం మంచిదయిందనీ చెప్పేవాడు. తల్లి ఇంటికి కొత్త రేకులు వేయించాడు, తర్వాత కొత్త ఇంటికి పునాది తీయించాడు. ఆ పునాదికి సలాకలు కట్టింది హన్మంతే. భద్రమ్మ చాయ్ పెట్టిచ్చేది, తాగేవాడు. రామి కూడా మెల్లగా మాట కలిపింది. బతుకు ఎక్కడిదక్కడ సర్దుకుంది.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం, రేకుల మీద చినుకులు పడుతుండగా ఫోన్ మోగింది. ఉపేందర్ ఏదో పై అంతస్తులో ఉన్నట్టున్నాడు, గాలి హోరు వినబడుతోంది.

"అన్నా, నిన్నొకటి అడగాలె. ఈడ స్తంభం మీద లెవెల్ గీత ఉన్నది. పాతది. ముందుగాల చేసినోళ్లు కొట్టిండ్రు. పక్కన వాళ్ల రాతల ఏమో రాసున్నది. చెరిపి కొత్తది కొట్టుమంటుండు సూపర్‌వైజర్. ఏం జెయ్యాలె?"

ఇంట్లో నేల ఎత్తు, కిటికీ ఎత్తు, కప్పు ఎత్తు అన్నీ ఆ గీత నుంచే కొలుస్తారు. అది తప్పితే అన్నీ తప్పుతాయి. గీత సమంగా ఉందో లేదో నీళ్లు నింపిన సన్నటి పైపు పట్టి చూస్తారు.

"నీళ్ల పైపు వట్టి సూసినవా?" అన్నాడు హన్మంతు.

"సూసిన. అన్ని స్తంభాలకు సూసిన. వెంట్రుకవాసి తేడా లేదు."

"గట్లయితే చెరపకు. దాని మీదనే కొలత వట్టుకో."

"సరే అన్నా" అన్నాడు ఉపేందర్. అతను ఇంకేదో చెప్పబోతుంటే వెనక నుంచి పెద్దగా కూత వినబడింది. "సైరన్ అన్నా, కిందికి పోవాలె, మల్ల జేస్త" అని పెట్టేశాడు.

ద్వాళి మంచం మీది నుంచి అడిగింది.

"ఏమంటుండు?"

"మంచిగనే ఉన్నడు యాడీ. వానికంటె ముందుగాల ఆ జాగల పన్జేసినోడు మంచి పనోడట."

రేకుల మీద వాన జోరందుకుంది. ద్వాళికి సరిగా వినబడలేదేమో, కొంచెం ముందుకు వంగింది.

"ఎవరట? పేరేంది వానిది?"

ఆ జాగాకు నీళ్ళిచ్చినవాడిగా తండా ఎరిగిన పేరు ఒక్కటే ఉంది.

"హన్మంతు" అన్నాడు.